పిల్లి కాల్చిన మఫిన్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద తాతయ్య, ఆయన్ని కనిపెట్టుకుని ఉండే నర్సు, వంటింట్లో మేనత్త, ఎక్కడో ఒక మూల పిల్లి. పిల్లి అంటే తాతయ్య మనవరాలే. అడుగు చప్పుడూ నోటి చప్పుడూ లేని పిల్ల కాబట్టి ఆయనే ఆ పేరు పెట్టాడు.

తాతయ్య కిడ్నీలు పాడై ఏడాది. వారం నుంచి అత్త పెట్టే ఉప్పులేని జావ చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. మనిషి కళ్లముందే చిక్కి సగమవుతుంటే పిల్లి ప్రాణం ఉసూరుమంది. ముందురోజు అత్త బజారుకు వెళ్లిన సందు చూసి, బాగా మగ్గిన అరటిపళ్లు మెదిపి, గుప్పెళ్లకొద్దీ ఎండుద్రాక్ష కలిపి ఆరు మఫిన్లు కాల్చింది. తాతయ్య నాలుగు తిన్నాడు.

"మీ అత్తకి చెప్పకే. జావలో వెయ్యని ఉప్పంతా నా మీద చల్లుతుంది," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

పిల్లి సంబరంగా డైరీ తీసి, బళ్లో చెప్పిన పాఠం గుర్తు చేసుకుంటూ రాసింది. తాతయ్య నాలుగు మఫిన్లు తిన్నాడు. అరటిపండులో పీచు, ఎండుద్రాక్షలో ఇనుము, రెండింట్లోనూ పొటాషియం. గుండెకు మంచిది. పొటాషియం కింద రెండు గీతలు గీసింది.

తెల్లారేసరికి తాతయ్య కాలూ చెయ్యీ కదపలేకపోతున్నాడు. నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది. నర్సు ఆసుపత్రికి ఫోన్ కలిపింది. పొటాషియం పెరిగినట్టుందని, కిడ్నీలు పాడైనవాళ్లకి అది బయటికి పోక గుండెనే ఆపేస్తుందని చెబుతూ, నిన్న ఏం తిన్నారని అత్తను అడిగింది. రెండు చెంచాల జావ, అదీ నా చేత్తోనే అని అత్త ఒట్టేసింది.

"జావకి ఇలా అవదక్కా," అంది నర్సు.

గుమ్మంలో నిలబడ్డ పిల్లికి నిన్నటి మఫిన్లు గుర్తొచ్చాయి. నోరు తెరిచింది. మళ్లీ తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. చెప్పొద్దన్నట్టు తాతయ్య కళ్లతోనే వారిస్తున్నాడు.

పరుగున వెళ్లి డైరీ తెచ్చి, ఆ పేజీ నర్సు ముఖానికి అడ్డంగా పెట్టింది.

"నాలుగు మఫిన్లు తిన్నారట. అరటిపండు, ఎండుద్రాక్ష. అంబులెన్స్ త్వరగా పంపండి," అంది నర్సు ఫోన్లో.

అప్పుడొచ్చింది పిల్లికి మాట. "పండే కదా అనుకున్నాను అత్తా."

అయినదానికీ కానిదానికీ తిట్టిపోసే అత్త ఇప్పుడొక్క మాటా అనలేదు. పిల్లిని గుమ్మం బయటికి నెట్టి, ద్వారబంధాన్ని పట్టుకున్న ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, తలుపు వేసేసింది.