గుంపు లెక్క

"అంతసేపు వాడితే ఆ కంప్యూటర్ పేలిపోదూ? కాస్త మొహం వెనక్కి పెట్టుకోవే తల్లీ."

నా కూతురు నవ్వింది. "పేలదమ్మా. నువ్వు వేలు కోసుకోకుండా బీన్స్ తరుగు, చాలు."

భోజనాల బల్లకి ఆ చివర దాని చదువు, ఈ చివర నా కూరలు. తెరమీద వేల చుక్కలు, ఒక్కోదానికీ బాణంలా చిన్న ముక్కు. మొదట తలోవైపూ పోతాయి. కాసేపటికి అన్నీ ఒకేవైపు సాగుతాయి. ఎవరు తోలుతున్నారని అడిగాను.

"ఎవరూ తోలరు. దేని బలంతో అది కదులుతుంది. పక్కవాటిని చూసి దిక్కు సర్దుకుంటుంది, అంతే."

"మరి నువ్వు చేసేదేమిటే?"

"ఇన్నింటినీ ఒక్కొక్కటిగా పట్టుకోలేం కదా. ఏ చోట ఎన్ని ఉన్నాయి, సగటున ఎటు పోతున్నాయి, అవి చాలు. అప్పుడు గుంపంతా నీళ్ళలా పారుతున్నట్టు లెక్క రాయొచ్చు. చుక్కల నడక నుంచి ఆ లెక్క రాబట్టడమే నా పని."

"మధ్యలో ఒకటి పక్కకి పోతే?"

"సగటులో కలిసిపోతుందమ్మా."

నా చేతిలో కత్తి ఆగింది. ఈ ఇంట్లో అత్తగారు లేచే వేళకి నా నిద్ర సర్దుకుంది, ఆయన ఆకలికి నా ఆకలి సర్దుకుంది. "మా కోడలికి ఏదైనా ఒకటే" అని అత్తగారు నలుగురిలో మెచ్చుకునేవారు. పెళ్ళయిన కొత్తలో సముద్రం చూడాలని ఉందంటే, "మనకి ఉప్పుగాలి పడదు" అన్నారాయన. నాకు పడుతుందో లేదో నాకిప్పటికీ తెలియదు.

"వచ్చేవారం ఇదంతా పెద్ద ప్రొఫెసర్ల ముందు చెప్పాలి. వాళ్ళు ఒప్పుకుంటేనే డాక్టరేటు. ఇంట్లోవాళ్ళూ వచ్చి కూర్చోవచ్చట. వస్తారా?" అంది అమ్మాయి.

సోఫాలో కూర్చున్న ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "మేమొచ్చి ఏం చేస్తామే? మీ అమ్మకి బస్సెక్కితే గుండెదడ. అక్కడ ఒక్క ముక్క అర్థం కాదు. ఇక్కడ ఇల్లెవరు చూస్తారు?"

"అమ్మా, నిన్నడుగుతున్నాను."

నన్ను. నా తలలో బస్సు బోల్తా పడింది, గ్యాస్ లీకైంది, ఆయనకి షుగర్ పడిపోయింది, ఆ హాల్లో నేను దగ్గితే పిల్ల చెప్పేది మరిచిపోయింది. ఇన్నింటి అడుగున, వెనక వరసలో ఒక ఖాళీ కుర్చీ. దాంట్లో కూర్చుని, అర్థం కాకపోయినా సరే, నా బిడ్డ గొంతు చివరిదాకా వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. కుక్కర్ కూత వేసి ఊరుకుంది. ఆయన టీవీ పెట్టుకున్నారు. నా తరఫున చెప్పేశాననే అనుకున్నట్టున్నారు. అమ్మాయి మాత్రం నామీంచి చూపు తిప్పలేదు.

"వస్తానే," అన్నాను. "ఒక్కదాన్నే. బస్సు తప్పిపోతే ఏం చెయ్యాలో మాత్రం ఇప్పుడే చెప్పు."