రత్నమ్మ చేతికింద పెనుకొండ

రత్నమ్మకు చూపు పోయాక పట్టుకున్న కోరిక ఒకటే. చనిపోయిన భర్త దానియేలు రైలుపట్టాల మీద ఏం పని చేశాడో తెలుసుకోవాలి. ధర్మవరం, పెనుకొండల మధ్య పట్టాల వాలు సరిచేస్తూ గ్యాంగ్‌మన్‌గానే ఆయన బతుకు గడిచింది. "గుట్టను పండబెట్టేదే మా పని" అనేవాడు. "నువ్వు పండుకోమంటే పండుకునేకి గుట్ట ఏమన్నా నీ బిడ్డా?" అని ఈమె నవ్వి పారేసేది.

కొడుకు జోసెఫ్ హిందూపురంలో కరెంటాఫీసు గుమాస్తా. నోటితో ఎంత చెప్పినా అమ్మకు ఎక్కలేదు. "మాటలొద్దప్పా, చేతికి తెలిసేట్లు చెప్పు" అందామె. దాంతో తొంభై ఎనిమిదిలో క్రిస్మస్‌కు ముందే బెంగుళూరు వెళ్లి బొమ్మరైలూ దాని పట్టాలూ కొనుక్కొచ్చాడు.

మొదట క్రిస్మస్‌కు పెట్టే పశువుల పాక బొమ్మకు గుట్ట కట్టినట్టే కట్టాడు మహానుభావుడు. గోనెసంచులు ఎర్రమట్టిలో ముంచి పరిచి, పైన రాగులు చల్లి, రెండుపూటలా నీళ్లు చిలకరించాడు. రాగిమొలకలు లేని పండగ గుట్ట వాళ్లింట్లో ఎవరికీ తోచదు మరి. మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. మట్టి మాత్రం నాని కుంగింది. పట్టాలు ఉయ్యాలలా వేలాడాయి. ఇంజను సగంలో నిలబడి, చక్రాలు తిప్పుకుంటూ వెనక్కి జారింది.

"రెండు గొర్రెల్ని తోలుకొచ్చుకో, మేసిపోతాయి" అంది అతని భార్య రమాదేవి.

అన్నం ముందు కూర్చున్నా జోసెఫ్‌కు అదే ధ్యాస. గుట్ట కట్టి దాని మీద దారి వేయడం కాదు, ముందు దారి, తర్వాతే గుట్ట. గది గోడల వెంబడి సన్నటి పలకలు పరిచాడు. వాటి కింది దన్నులను ఒకదానికన్నా ఒకటి రవ్వంత పైకి బిగిస్తూ పోయాడు. తొందరపడి ఇంకాస్త లేపితే చాలు, ఇంజను మొరాయించేది. ఊడబీకి మళ్లీ బిగించేవాడు. నడుం ఎత్తులో ధర్మవరం, గది చుట్టూ రెండు చుట్లు తిరిగాక భుజం ఎత్తులో హిందూపురం. పక్కన కాగితం గుజ్జుతో గుట్టలు నిలిపి, బండలు గరుకుగా తగలాలని ఇసుక అద్దాడు.

వాకిలికి అడ్డంగా పోయిన పలకల కింద వంగి వస్తూ రమాదేవి, "మనుషులకు దారి లేదు గానీ రైలుకు ఉండాది" అంది.

ఇంజను ఆగకుండా హిందూపురం చేరిన రోజు జోసెఫ్‌కు నాయన గుర్తొచ్చాడు. ఒక గదిలో బొమ్మరైలుకే ఇంత తంటా పడ్డాడు. మరి నాయన ఆ ఎండలో, నిజం గుట్టల మధ్య పడిన పాటు ఎంతటిదో!

పండగనాడు చర్చి నుంచి రాగానే అమ్మ కుడిచేతిని పట్టాల మీద పెట్టి, "ఇది ధర్మవరమమ్మా" అన్నాడు.

ఆమె వేళ్లు జరుపుకుంటూ నడిచింది. చేతి అంచుకు ఏదో గరుకుగా తగిలింది.

"ఈడేముండాది?"

"పెనుకొండ బండలు."

మళ్లీ నడిచింది. పట్టాలు అయిపోయాయి.

"గుట్ట ఎక్కేది ఇంకా రాలేదేమప్పా?"

"హిందూపురం వచ్చేసినావమ్మా."

రత్నమ్మ నిలబడిపోయింది. ఎడమచేత్తో తన నడుం తడుముకుంది, తర్వాత పక్కటెముకలు, తర్వాత భుజం. పట్టాల మీది కుడిచెయ్యి భుజానికి సమంగా ఉంది. అదెప్పుడు అంత పైకి లేచిందో ఆమెకు తెలియనే లేదు.

"ధర్మవరం నుంచి ఆ రైలుబండ్లో ఎన్నిసార్లు వచ్చింటినో" అంది. "ఒళ్లో మూట పెట్టుకుని, దావంతా నిద్దరపోతానే వస్తాంటిని గదప్పా."