పంక్చరక్క ఇరవై పొట్లాలు

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది ఎవరికన్నా బలవంతురాలో సామెత కట్టినవాళ్లు చెప్పలేదు. పంక్చరక్కలాంటి మనిషి వాళ్లకు ఎదురుపడి ఉండదు.

ముప్పై ఏళ్లుగా సైకిళ్లకూ మోటార్‌సైకిళ్లకూ పంక్చర్లు వేసి సంపాదించుకున్న పేరది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా తల తిప్పదు. రెండేళ్ల కిందట కడుపులో పుండు ముదిరితే డాక్టర్లు సగం కడుపు కోసి తీసేశారు. అప్పట్నుంచీ రోజుకు ఆరుసార్లు, పూటకు గుప్పెడు చొప్పున, కారం లేని మెత్తటి తిండి తినాలి. బయటి తిండి ముట్టకూడదు. ఇంతవరకే డాక్టర్ చెప్పింది. మిగతాదంతా చెల్లెలు చెప్పింది.

చెల్లెలు మందుల షాపులో పనిచేస్తుంది, అక్క దగ్గరే ఉంటుంది. ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రోజులు ఆస్పత్రి బల్ల మీద కూర్చునే కునికిపాట్లు పడింది. దానికి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ పదకొండు రోజులు ఆమెకింకా అయిపోలేదు. అక్క ముద్ద ఎత్తితే చెల్లెలి కళ్లు కూడా ఆ ముద్దతో పాటే పైకి లేస్తాయి.

"ఎన్ని చెంచాలు తిన్నావు?"

"ఏడు."

"నిన్న తొమ్మిది తిన్నావుగా?"

షాపులో ఉంటే ఫోన్ చేసి మరీ అడుగుతుంది. ఈ రెండేళ్లలో పంక్చరక్క నోట్లోకి పోయిన ప్రతి చెంచా చెల్లెలి లెక్కలోంచే పోయింది. తినడమంటే పరీక్ష రాయడంలా తయారైంది.

వాళ్ల వీధిలో ఆదివారం నడక సంఘం ఒకటుంది. ఏడాదికోసారి ఇరవై మంది కలిసి, కొండల మధ్య సరస్సు చుట్టూ మూడు రోజులు నడిచి వస్తారు. ఆపరేషన్‌కు ముందు ఈ నడకలో అందరికన్నా ముందుండేది పంక్చరక్కే. వెనకాలవాళ్లు ఆమె బూట్ల మడమలు చూస్తూ నడిచేవాళ్లు. ఈసారి నడవొచ్చా అని డాక్టర్‌ని అడిగితే, "నడవండి, తిండి దగ్గరే జాగ్రత్త" అన్నాడు. తీరా చూస్తే సంఘం లిస్టులో ఆమె పేరు లేదు.

లీడరు గారిని అడిగింది. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం వదిలినా మెడలో విజిల్ వదల్లేదు.

"మీ తిండి వేరు కదమ్మా. అక్కడ అందరికీ ఒకటే వంట. పోయినేడు ఒకాయన ఇంటి నుంచి తెచ్చుకున్నదేదో తిని కడుపు పాడుచేసుకుంటే, మొదటి రోజే అందరం వెనక్కి తిరిగాం. మీరు హాయిగా ఇంట్లో ఉండండి."

ఆ 'హాయిగా' అన్న మాటకు పంక్చరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వారమే వెళ్లి, ప్లాస్టిక్ సంచీలోంచి గాలంతా పీల్చేసి, అంచును వేడితో అతికించే చిన్న మిషనొకటి కొనుక్కొచ్చింది.

"బతుకంతా గాలి కొట్టావు, ఇప్పుడు గాలి తీస్తావా?" అంది చెల్లెలు.

"గాలి గురించి నాకు తెలియనిదేముందే," అంది పంక్చరక్క. అక్కడే తప్పులో కాలేసింది.

మిషన్‌తో పాటు వచ్చిన పుస్తకం చదివింది. తడి ఉన్న తిండి గాలి తీసినా ఫ్రిజ్ బయట నిలవదు, ప్రయాణానికైతే ముందు తడి తీయాలి అని రాసుంది. సరేనని మెత్తగా వండిన అన్నం, పప్పు, క్యారెట్, బంగాళాదుంప ట్రేల మీద పల్చగా పరిచి, సన్నటి వేడి మీద ఒవెన్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండబెట్టింది. గలగలలాడేలా ఎండాయి. వాటిలో వేడినీళ్లు పోసి అరగంట మూతపెడితే మళ్లీ పసిపిల్లలు తినేంత మెత్తగా అవుతాయి. పన్నెండు పొట్లాలు కట్టింది. ప్లాస్టిక్ లోపలికి లాక్కుపోయి, పొట్లాలు ఇటుకల్లా బిగుసుకున్నాయి.

తరవాత, పంక్చర్లు వేసే మనిషి తప్ప ఇంకెవరూ చేయని పని చేసింది. పన్నెండింటినీ తన పంక్చర్ల షాపుకు తీసుకెళ్లి నీళ్ల తొట్టిలో ముంచింది. చిల్లు ఉంటే బుడగ వస్తుంది, ఆమెకు తెలిసిన శాస్త్రం అది. ఒక్క బుడగ రాలేదు. "పన్నెండూ పాస్," అని తుడిచి అలమరాలో పెట్టింది.

నాలుగో రోజు చెల్లెలు అలమరా తెరిచి ముక్కు మూసుకుంది. మూడు పొట్లాలు వదులై మెత్తబడ్డాయి, లోపల బూడిదరంగు బూజు పట్టింది. ఆ మూడూ తెచ్చి అక్క ముందు బల్ల మీద పరిచింది.

"ఇది తినుంటే ఏమయ్యేది?"

పంక్చరక్క ఒక పొట్లం తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిన్ను ఏడిపించాలని కాదక్కా. నాకు భయం. నిన్ను మళ్లీ ఆ మంచం మీద చూసే ఓపిక నాకు లేదు. నువ్వు పోతే నాకెవరున్నారు?" అంది చెల్లెలు. ఆ వెంటనే లోపలికెళ్లిపోయింది.

వెనకాలే వెళ్లి సరే మానేస్తాను అని ఒక్క మాట అంటే అయిపోయేది. పంక్చరక్క లేవలేదు. టార్చి తెచ్చుకుని, పోయిన పొట్లాలు కడిగి, వెలుగుకు పెట్టి చూసింది. అప్పుడర్థమైంది. ట్యూబులో గాలుంటుంది గనక చిల్లు పడితే బయటికి తన్నుతుంది, బుడగ కనిపిస్తుంది. పొట్లంలో గాలే లేదు. చిల్లు పడితే అది తొట్టిలో నీళ్లనే లోపలికి పీల్చుకుంది. అంటే పొట్లాలను పరీక్ష చేశాననుకుంటూ చేజేతులా పాడుచేసింది. నా తెలివి తెల్లారినట్టే ఉందని తనను తానే తిట్టుకుంది.

మరి చిల్లులెక్కడివి? ఎండిన క్యారెట్ ముక్క ఒకటి వేలితో తడిమితే చురుక్కుమంది. ముల్లు బయటి నుంచి గుచ్చుతుందని ముప్పై ఏళ్లు చూసింది. ఇది లోపలి నుంచి గుచ్చింది. లోపలి నుంచి గుచ్చేవాటికీ ఆమె దగ్గర మందుంది. చక్రం లోపల ఊచల మొనలు ట్యూబును పొడవకుండా రిమ్ము చుట్టూ ఒక పట్టీ వేస్తారు. పొట్లానికీ అదే పట్టీ వేయాలి.

ఈసారి తిండిని ముందు మెత్తటి కాగితంలో చుట్టి, ఆ తరవాత సంచీలో పెట్టి గాలి తీసింది. తొట్టి జోలికి పోలేదు. నెమ్మదిగా గాలి పోయే టైరును ఒక పక్కన పెట్టి మర్నాడు నొక్కి చూసినట్టు, వీటిని అలమరాలో వదిలేసి రోజూ పొద్దున్నే బొటనవేలితో నొక్కింది. వదులైనది ఒక్కటే, దాన్ని చెత్తబుట్టలో పడేసింది. పది రోజులయ్యాక ఒక పొట్లం కోసి, వేడినీళ్లు పోసి, చెల్లెలి ఎదురుగా కూర్చుని తినేసింది. చెల్లెలు ఎనిమిది చెంచాలని లెక్కపెట్టింది. మర్నాడు పంక్చరక్క నిక్షేపంలా లేచి, షాపు తెరిచి టైరు విప్పింది.

ఆ ఆదివారం ఇరవై పొట్లాలు సంచీలో వేసుకుని సంఘం మీటింగుకు వెళ్లింది. మూడు రోజులకు పద్దెనిమిది పూటలు, పైన రెండు. లీడరు గారి ముందు బల్ల మీద పేర్చబోతుంటే ఒకటి వేళ్ల కింద మెత్తగా తగిలింది. దాచాలంటే దాచొచ్చు, ఎవరూ చూడలేదు. తీసి విడిగా పెట్టింది.

"ఇది పోయింది సార్. మిగతావి బాగున్నాయి, నొక్కి చూడండి."

లీడరు గారు మిగతావాటి వంక చూడనైనా చూడలేదు. "చూశారా, ఇక్కడికొచ్చేలోగానే ఒకటి పోయింది. కొండ మీద పోతే?"

"పారేస్తాను. స్టెప్నీ లేకుండా ఎవరైనా బండి తీస్తారా? అందుకే రెండు ఎక్కువ కట్టాను. పోయినదాన్ని పోయిందని గుర్తుపట్టేవాళ్లకు భయం లేదు సార్. పోయినేడాయన అది గుర్తుపట్టకుండా తిన్నాడు."

వెనకాల ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. అది ఆయనకు ఎక్కడో తగిలింది. "లిస్టు అయిపోయిందమ్మా. మీ బాధ్యత నేను మోయలేను."

"మోయమని ఎవరన్నారు? నా సంచీ నేనే మోసుకుంటాను. సరస్సు చుట్టూ ఉన్న దారి మీ సంఘానిదా?"

లీడరు గారు మెడలో విజిల్ సర్దుకున్నారు. "దారి అందరిదీ అనుకోండి..."

"నేనూ అదే అనుకుంటున్నాను," అని పొట్లాలు సర్దుకుని వచ్చేసింది. పోయినదాని చోట ఇంకొకటి కట్టింది.

బయల్దేరే రోజు పొద్దున చెల్లెలు గుమ్మంలో నిలబడింది. "వెళ్లకక్కా," అంది ఒక్కసారి.

"నేను రోగినై మంచంలో ఉన్నది పదకొండు రోజులేనే. వాటిని రెండేళ్లు చేసింది నువ్వు."

అన్నాక నాలుక కరుచుకుంది. చెల్లెలి ముఖం పాలిపోయింది. అయినా పంక్చరక్క ఆ మాట వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది నిజం. చెల్లెలు పక్కకు తప్పుకుంది. పంక్చరక్క సంచీ భుజానికెత్తుకుని మొదటి బస్సు ఎక్కింది. సంఘంవాళ్లు తొమ్మిదింటికి విజిలేస్తే గానీ కదలరు.

దారి మారలేదు, కాళ్లే మారాయి. ఒకప్పుడు ఒక్క ఊపున ఎక్కిన చోట ఇప్పుడు మలుపుకోసారి కూర్చోవాల్సి వచ్చింది. వేళకొక పొట్లం కోసి, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి, తువ్వాల్లో చుట్టి నానబెట్టి తింది. మూడో పొట్లం తిన్న కాసేపటికి కడుపు పిండేసినట్టయింది. బండకు ఆనుకుని కూలబడింది. చెమటలు పట్టాయి. నిజంగానే భయమేసింది. చెల్లెలు అన్నవీ, లీడరు గారు అన్నవీ వరసగా గుర్తొచ్చాయి. చివరికి వాళ్లన్నదే నిజమయ్యేలా ఉందే అని ఏడుపొచ్చినంత పనైంది. పావుగంటకు నొప్పి దానంతటదే సద్దుమణిగింది. ఆబగా తిన్నాను, అంతే, అనుకుని లేచి నడిచింది.

సాయంత్రానికి మొదటి మజిలీ చేరింది. అక్కడ నాలుగు గదులూ ఒక వరండా ఉన్నాయి. ఆమె బూట్లు విప్పి, అయిదో పొట్లం కూడా ముగించి మెట్ల మీద కూర్చున్నాక సంఘంవాళ్లు ఆయాసపడుతూ వచ్చారు. లీడరు గారు ఆమెను చూసి ఆగిపోయారు. విజిల్ చేతిలోకి తీసుకుని మళ్లీ వదిలేశారు.

"మీరు మా టీమ్ కాదమ్మా. మేం బాధ్యులం కాము, ముందే చెబుతున్నాను."

"మీ టీమ్ కాను సార్. మీరే నా వెనక వచ్చారు."

ఈసారి నవ్వినవాళ్లు గట్టిగానే నవ్వారు. లీడరు గారికి కూడా మీసం కింద పెదవి కొంచెం కదిలింది. వంటవాడు స్టవ్ వెలిగించే పనిలో పడ్డాడు.

అప్పుడు ఫోన్ మోగింది. చెల్లెలు.

"చేరావా?"

"చేరాను."

"తిన్నావా?"

"తిన్నాను."

"ఎన్ని చెంచాలు?"

అంకె నాలుక చివరిదాకా వచ్చింది, రెండేళ్ల అలవాటు. పంక్చరక్క దాన్ని మింగేసింది.

"చెప్పను."



"చెప్పకపోతే ఎలా అక్కా?"

"ఆకలేసింది, తిన్నాను. కడుపు నిండింది, ఆపేశాను. నీకు కోపమొచ్చినా సరే, ఇంతకన్నా చెప్పను."

"కోపం కాదు," అంది చెల్లెలు. "నేనింకా తినలేదు."

"పొద్దున్నుంచీనా? ఎందుకే?"

"నువ్వు చెప్పాక తిందామని కూర్చున్నాను. రోజూ అంతేగా. నీ లెక్క తెలిస్తే గానీ నాకు ముద్ద దిగదు."

పంక్చరక్కకు ఆ సంగతి ఇన్నాళ్లూ తెలియదు.  మెట్టు మీద నిటారుగా కూర్చుంది.

"లేచి వెళ్లి కంచం పెట్టుకో," అంది. "ఎంత తిన్నావో నాకు చెప్పకు."