మణికీ తెలిసిన సైగలు

మూడోసారీ అలాగే జరిగేసరికి శ్రీసుధకి ఒళ్లు మండిపోయింది. ఒకసారంటే పొరపాటు, రెండుసార్లంటే ఖర్మ. మూడుసార్లేమిటి, మరీ విడ్డూరం కాకపోతే!

మైదానం అంచు గీత పక్కన నిలబడి ఆవిడ 'ముందుకు దూకు' అని సైగ చెయ్యగానే కొడుకు ఆశిష్ దూకుతున్నాడు. సరిగ్గా వాడు ఖాళీ చేసిన చోటికే అవతలివాళ్లు బంతి విసురుతున్నారు. 'ఉన్నచోటే ఉండు' అంటే, వాడికి అందకుండా రెండో పక్క నుంచి పరుగెడుతున్నారు.

ఆశిష్‌కి పదిహేడేళ్లు. పుట్టు చెవుడు. షార్జాలో వాడు చదివేది అమెరికన్ స్కూలు, ఆడేది అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. కాలితో తన్నే ఆట కాదండోయ్, హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతి కోసం ఒకరినొకరు కుమ్ముకునే ఆట. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడంలో ఎమిరేట్స్ స్కూళ్లన్నిట్లోనూ వాడి తర్వాతే ఎవరైనా. అయినా కొత్త ప్రిన్సిపాల్‌కి భయం. విజిల్ వినబడని పిల్లాణ్ణి ఎలా ఆడించడం అని. ఈ శుక్రవారం ఆటే పరీక్ష అని ఆవిడ తేల్చేసింది. చెవుడు వల్ల టీమ్‌కి దెబ్బ తగిలిందా, రేపటినుంచి వాడు బయటే.

కోచ్ హబీబుల్లా చెప్పింది వాడికి చేరవెయ్యడం శ్రీసుధ పని. ఆ సైగలేవీ పుస్తకాల్లోవి కావు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చి కాపురం పెట్టిన రోజుల్లో వంటింట్లో పుట్టినవి. దోసె తిరగేసినట్టు చేస్తే దూకమని, గిన్నెకి మూత పెట్టినట్టు చేస్తే ఆగమని. ఈ భాష ప్రపంచంలో తనకీ, కొడుక్కీ, మొగుడు మహీధర్‌కీ తప్ప ఎవరికీ తెలీదని ఆవిడ ధీమా.

అవతల రాస్ అల్ ఖైమా స్కూలు. బంతితో చివరి గీత దాటితే ఆరు పాయింట్లు, వాళ్లదే గెలుపు. వాళ్లు నాలుగు పాయింట్లు వెనక, మూడు గజాల దూరం, మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. వాళ్ల పదకొండు మందిలో ఒకడు మాత్రం ఆశిష్ వంక చూడకుండా తనవంకే చూస్తున్నాడని శ్రీసుధకి అప్పుడు తట్టింది. తన మొహం వంక కూడా కాదు, చేతుల వంక. హెల్మెట్ ఉన్నా ఆ మెడ వంచే తీరు ఎలా మరిచిపోతుంది? మణి!

ఎదురింటి మూర్తిగారబ్బాయి. వాళ్ల నాన్నకి బదిలీ అయ్యేదాకా ఎనిమిదేళ్లు తన డైనింగ్ టేబుల్ దగ్గరే పెరిగాడు. నాలుగో మనిషికి ఆ భాష తనే దోసెలు పెట్టి మరీ నేర్పింది. అమెరికాలో చెవిటి కుర్రాళ్లే తమ సైగలు అవతలివాళ్లు చూడకుండా గుండ్రంగా మూగి మాట్లాడుకోవడం మొదలుపెట్టారని ఆశిష్ పదిసార్లు చెప్పాడు. పదిసార్లూ తలూపింది, ఒక్కసారీ బుర్రకెక్కించుకోలేదు. ఛ, ఎంత మొద్దు బుర్ర తనది!

"కోచ్ గారూ, ఆ పన్నెండో నంబరు కుర్రాడికి మా సైగలన్నీ తెలుసండీ!"

హబీబుల్లా హైదరాబాదీ, చికాగోలో పెరిగినవాడు. కంగారొస్తే అన్ని భాషలూ కలిసిపోతాయి. "యా అల్లా! అయితే ఉల్టా చెప్పు మేడం, గలత్ చెప్పు."

"తప్పు చెబితే మావాడూ తప్పే చేస్తాడు కదండీ."

"వేరే సైగ?"

"నాకొచ్చినవన్నీ వాడికీ వచ్చండీ."

ఆట ఆపించే అవకాశాలు ఎప్పుడో అయిపోయాయి. హబీబుల్లా బెంచీ వైపు తిరిగాడు. "ఖలాస్. ఆశిష్‌ని తీసేస్తా. వేరేవాణ్ణి పంపుతా."

ఇప్పుడు తీసేస్తే ఇక ఎప్పటికీ తీసేసినట్టే. ముందు వరసలో ప్రిన్సిపాల్ చేతులు కట్టుకుని చూస్తోంది.

"మీకు దణ్ణం పెడతానండీ. ఈ ఒక్కసారికి ఉంచండి."

ఆయన ఎవర్నీ పంపలేదు.

ఆశిష్ ఇటు తిరిగాడు, ఏం చెయ్యమంటావన్నట్టు. ఆవిడ చేతులెత్తింది. ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఏం చెప్పినా అది మణికి చెప్పినట్టే. వాడు తల్లి మొహం చూశాడు. తిరిగి అవతలి వరస చూశాడు. మణి కళ్లు ఆవిడ వేళ్ల మీదే అతుక్కుపోయి ఉన్నాయి.

ఆశిష్ రెండు సైగలు చేశాడు. చేతులు దించు. నేను చూసుకుంటా. అంతే, వీపు తిప్పేసి కాస్త వంగి నిలబడ్డాడు.

బంతి కదిలింది. ఆశిష్ మాత్రం కదల్లేదు. దూకరా నాయనా, దూకు, అని ఆవిడ నోటితో అరిచేసింది, వాడికి వినబడుతుందన్నట్టు. వాడు అవతలివాళ్ల పాదాలు చూస్తున్నాడు. బంతి మణి చేతికి వచ్చింది. మణి కుడికి ఒక అడుగు వేసి ఎడమకి మళ్లాడు. అప్పుడు వెళ్లాడు ఆశిష్. ఇద్దరూ గీతకి మూరెడు ఇవతల దబ్బున పడ్డారు.

విజిల్ మోగింది. ఆశిష్ ఇంకా వదల్లేదు. వదలరా, వదులు, అని శ్రీసుధ ప్రాణం గిలగిల్లాడింది. మణి వాడి భుజం మీద రెండుసార్లు తట్టాడు. వదిలేశాడు. రిఫరీ తప్పేమీ పట్టలేదు. ప్రిన్సిపాల్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

గోల సద్దుమణిగాక మణి హెల్మెట్ తీసి తలొంచుకుని వచ్చాడు. "సారీ ఆంటీ. మా కోచ్‌కి నేనే చెప్పా."

"సిగ్గు లేదురా నీకు? నా చేతి తిండి తిని!" అని చెయ్యెత్తింది గానీ కొట్టలేకపోయింది. వాడి మోచెయ్యి గీరుకుపోయి ఉంది. చీర కొంగుతో తుడిచింది.

"లాస్ట్‌లో ఏం చెప్పారాంటీ? మీ చేతులే చూస్తున్నా, నాకేం కనబడలేదు."

"నేనేం చెప్పలేదురా. వాడే వద్దన్నాడు."

అంటూనే ఏడుపొచ్చేసింది. సంతోషమో, దిగులో, రెండూనో. మైదానం మధ్య టీమంతా ఆశిష్‌ని భుజాల మీదకెత్తుకుంది. వాడు ఇటు చూస్తాడేమోనని ఆవిడ చాలాసేపు చెయ్యి ఊపింది. వాడు చూడలేదు. మణే ఆవిడని ప్రేక్షకుల్లో ఉన్న మహీధర్ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.