వినిపించిందంతా

ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. రెండో చెవి పాపది.

ఉతికిన బట్టలు మంచం మీద కుప్పగా పోసుకుని, పాప జుబ్బాలు మడతపెడుతూ ఆమె రికార్డింగు వింటుంది. ముందు ఇలా పనుల మధ్య ఒకసారి మొత్తం వినేసి, పాప పడుకున్నాక కంప్యూటరు ముందు కూర్చుని మాట మాటా టైపు చేస్తుంది. రెండు చెవుల్లోనూ పెట్టుకుంటే పని ఇంకా త్వరగా తెములుతుందని తెలుసు. కానీ పాపకి జలుబు చేసి తగ్గినప్పటి నుంచీ ఆ ఊపిరి చప్పుడు చెవిన పడుతూ ఉండకపోతే ఆమెకి కాలూ చెయ్యీ ఆడదు. లేచి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తుంది. కూర్చున్నాక, సరిగ్గా చూశానా అని మళ్ళీ లేస్తుంది.

"చెవుల్లో అవి దోపుకుని కూర్చుంటే పిల్ల గుక్కపట్టినా తెలుస్తుందా తల్లీ," అంటుంది అత్తగారు. ఒక చెవి ఖాళీగానే ఉందని ఆమె జుట్టు పక్కకి తీసి చూపిస్తుంది. అత్తగారు ఆ వైపు చూడదు.

ఈ పని వీధి చివరి జిరాక్స్ షాపు ఆవిడ ఇప్పించింది. విశ్వవిద్యాలయంలో ఒక మేడమ్ పరిశోధన చేస్తోంది. పాప్ గాయకుల మీద, వాళ్ళంటే పడిచచ్చే కుర్రకారు మీద. కాలేజీలకీ హాస్టళ్ళకీ వెళ్ళి ఆడపిల్లలతో మాట్లాడి రికార్డు చేసి పంపుతుంది. మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే. "వినిపించిందంతా టైపు చెయ్యండి. దిద్దొద్దు. నవ్వితే నవ్వు అని, ఆగితే మౌనం అని రాయండి. వెనకాల ఎవరైనా కేకేస్తే అదీ రాయండి." అసలు పేర్లు మాత్రం రాయకూడదు. ఆ రోజు వాళ్ళ ఒంటి మీద కనిపించిన దాన్ని బట్టి మేడమే ఒక పేరు పెట్టి పంపుతుంది: ఎర్రగడియారం, పొడుగుజడ, చిరిగిన బూట్లు.

ఇదంతా విని మొదటిరోజు భర్త పడీ పడీ నవ్వాడు. "పాటగాడి కోసం ఏడ్చేవాళ్ళ మీద పరిశోధనా? అయితే నీకు ఎప్పుడో డాక్టరేటు ఇచ్చెయ్యాల్సింది."

అతను అలా అనడానికి కారణం ఉంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆమె ఒక షోకి వెళ్ళింది. ఆ గాయకుణ్ణి అభిమానులంతా వెండిచొక్కా అనేవాళ్ళు. మర్నాడు పేపర్లో ముందు వరసలో నోరు తెరుచుకుని ఏడుస్తున్న అమ్మాయి ఫోటో పడింది. ఆ అమ్మాయి ఆమే. నాన్న ఆ పేపరు మడిచి బల్ల మీద పెట్టి, "ఇక కాలేజీ చాలు," అన్నాడు. ఆ ఏడాదే పెళ్ళయింది. పెళ్ళిచూపుల్లోనే ఆడపడుచు పోల్చుకుని, "పేపర్లో ఏడ్చిన పిల్ల కదూ," అంది. అదే పేరై కూర్చుంది. చుట్టాలొస్తే భర్తకి ఒక జోకు సిద్ధంగా ఉంటుంది: "మా ఇంట్లో రెండు ఫ్యాన్లున్నాయి. ఒకటి పైన తిరుగుతుంది, ఒకటి కింద తిరుగుతుంది." అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వి, టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి తిరుగుతుంది. పాటల పిచ్చితో చేతులారా చదువు పోగొట్టుకున్నదాన్ని కదా, నాలుగు మాటలు పడితే తప్పేముంది అనుకునేది. వంట బాగోలేకపోయినా, పాప బరువు పెరగకపోయినా, ఆ తప్పే ఎక్కడో అడుగున ఉండి పైకి తేలుతున్నట్టుండేది.

అయినా ఈ పనంటే ఆమెకి ప్రాణం. ఇంట్లో ఆమెతో ఎవరూ పూర్తిగా ఒక వాక్యం మాట్లాడరు. నీళ్ళు, తువ్వాలు, పాప తడిపింది, తాళాలెక్కడ. రికార్డింగుల్లో మాత్రం ఆడపిల్లలు ఊపిరి సలపకుండా మాట్లాడతారు. మధ్యలో వాళ్ళమ్మలు పిలుస్తుంటారు. "ఎంతసేపే ఆ సోది, గిన్నెలట్లాగే ఉన్నాయి." అది కూడా ఆమె టైపు చేస్తుంది.

ఒక ఉదయం పాపకి తినిపిస్తుండగా మేడమ్ ఫోన్ చేసింది.

"పొడుగుజడది చూశాను. అందులో ఒకచోట ఆ అమ్మాయి వెండిచొక్కా పాట పాడుతుంది కదా. రెండు లైన్లు పాడి ఆగిపోయింది. మీరు నాలుగు లైన్లు టైపు చేశారు."

ఆమె చేతిలో చెంచా ఆగిపోయింది. పాప నోరు తెరిచి ఎదురుచూస్తోంది. పనంతా ఒక్క నియమం మీద నడుస్తోంది. ఆ ఒక్కటీ తప్పింది. ఇక పని పోయినట్టే. సాయంత్రం ఇంట్లో చెప్పాలి. భర్త ఏమంటాడో కూడా మాటలతో సహా వినిపించేసింది: చూశావా, అక్కడ కూడా ఆ పిచ్చే ముంచింది.

"పొరపాటైంది మేడమ్. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. అన్నీ మళ్ళీ సరిచూసి పంపుతాను."

"అందుక్కాదండీ. మీరు కలిపిన రెండు లైన్లూ అతని ఏ రికార్డులోనూ లేవు. 'వాన వెలిసి చాలాసేపైంది, నేనింకా చూరు కిందే ఉన్నాను.' ఇవి మీకెక్కడివి?"

పాప చెంచా లాక్కుంది. ఆమె గోడకి ఆనుకుంది.

"షోలో కరెంటు పోయింది మేడమ్. మైకు లేకుండా పాడాడు. అప్పుడే కట్టాడేమో మరి. ముందున్నవాళ్ళకే వినపడింది."

అవతల కాసేపు మాట లేదు. మౌనం, అని ఆమె మనసు దానంతటదే టైపు చేసుకుంది.

"మీరు అక్కడున్నారా? ఇప్పుడు అభిమానులుగా ఉన్న పిల్లలు నాకు బోలెడంతమంది దొరుకుతున్నారు. ఒకప్పుడు ఉండి, తర్వాత కనిపించకుండా పోయిన ఆడవాళ్ళే దొరకడం లేదు. వాళ్ళంతా ఎక్కడికి పోయారో తెలియకుండా నా పని సగమే. మీరు నాతో మాట్లాడతారా?"

ఎక్కడికీ పోలేదు మేడమ్, అందరం వంటిళ్ళల్లోనే ఉన్నాం అనబోయి ఆమె ఊరుకుంది. పని పోలేదన్న మాట ముందు ఒంట్లోకి దిగాలి. అది దిగి, సరే మేడమ్ అనేసరికి పాప అన్నం గోడకి పూసింది.

ఆదివారం మధ్యాహ్నం మేడమ్ ఇంటికే వచ్చింది. అత్తగారు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. పాప నిద్రపోతోంది. భర్త పక్కగదిలో పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. రికార్డరు వంటింటి బల్ల మీద పెట్టారు.

"చదువు ఎందుకు ఆగింది?" అని మేడమ్ అడిగింది.

"పాటల పిచ్చి వల్ల. పేపర్లో ఫోటో పడింది."

"ఆ ఫోటో ఎలా ఉంటుందో చెప్తారా? నేను చూడలేదు."

అందరూ చూసిందే కాబట్టి ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆమె కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. "మధ్యలో నేను. నోరు ఇంత తెరుచుకుని ఉన్నా. ముక్కు కూడా కారుతోంది. పక్కన నా స్నేహితురాలి మోచెయ్యి. వెనకాల మా అన్నయ్య."

"మీ అన్నయ్యా?"

"షోకి వాడే తీసుకెళ్ళాడు. ఎవడి భుజాల మీదో ఎక్కి చొక్కా విప్పి తిప్పుతున్నాడు. వాడి నోరు నాకంటే పెద్దగా తెరుచుకుని ఉంది." ఆమె కళ్ళు తెరిచింది. "ఫోటోలో వాడే స్పష్టంగా ఉంటాడు."

"మరి అన్నయ్య చదువు?"

"పూర్తయింది. పై చదువు కూడా చదివాడు."

ఆ తర్వాత ఏమైందో ఆమెకి సరిగ్గా గుర్తులేదు. ముందు పొట్టలో కదిలి, భుజాల్లోకి వచ్చి, నవ్వైంది. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఆ పేపరు మా ఇంట్లో అందరూ చూశారు మేడమ్. అత్తగారింట్లో చూశారు. ఒక్కరికీ వాడు కనపడలేదు. నాక్కూడా." మేడమ్ నవ్వలేదు, ఓదార్చనూ లేదు. రికార్డరుని కొంచెం ఆమె వైపు జరిపింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి అడిగింది. "ఇది ఇంకెవరిచేతనైనా టైపు చేయించనా? సొంత మాటలు వినడం కష్టం."

"నేనే చేస్తాను."

"సరే. పేరు కూడా మీరే పెట్టుకోండి. ఏది పెడితే అది ఉంచుతాను."

మర్నాడు భర్తకి సెలవు. అత్తగారు ఇంకా చెల్లెలింటి నుంచి రాలేదు. టిఫిను తిని అతను కుర్చీలో వాలగానే ఆమె పాపని తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఇదేంటి? దీని సంగతి నాకేం తెలుసు?"

"ఏడిస్తే ఎత్తుకోండి. ఆగితే దించండి. అంతకంటే నాకు మాత్రం ఏం తెలుసు."

గదిలోకి వచ్చి తలుపు వేసి రెండు చెవుల్లోనూ పెట్టుకుంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. తను అనుకున్నంత పీలగా లేదు. నోరు, మోచెయ్యి, చొక్కా, అన్నీ ఒక్కొక్కటే దించుకుంటూ వెళ్ళింది. నవ్వు దగ్గర నవ్వు అని కొట్టింది. అది అయిపోతుందని చూసింది, అవలేదు. చాలాసేపు నవ్వు అని మార్చింది.

ఆ నవ్వు తగ్గుతుండగా వెనకాల దూరంగా భర్త గొంతు వినిపించింది. "ఏమోయ్, టీ."

అతను పిలిచినట్టు ఆమెకి గుర్తే లేదు. ఇప్పుడు కుర్చీ జరిగిన చప్పుడు వస్తుంది, స్టవ్ వెలిగించిన చప్పుడు వస్తుంది, మేడమ్ ఊరికే కూర్చుని ఉంటుంది అనుకుంది. అవేవీ రాలేదు. ఆమె గొంతే వచ్చింది. కోపం లేదు, వణుకు లేదు, పెరట్లో బట్టలు తడుస్తున్నాయని చెప్పినంత మామూలుగా ఉంది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మళ్ళీ. ఆ మాట తనదే. వెనక కేకలదేముంది, తీసేస్తే ఎవరడుగుతారు అని ఒక్క క్షణం అనిపించింది. కానీ నియమం నియమమే.

ముందుగదిలో పాప ఏడుపు మొదలై, సన్నబడి, ఆగిపోయింది. ఆమె లేవలేదు. లేవలేదన్న సంగతి కాసేపటికి గానీ తెలియలేదు. మీటల మీద వేళ్ళు పెట్టింది. పేరు రాయాల్సిన చోట ఇంకా ఖాళీగానే ఉంది. పేపర్లో ఏడ్చిన పిల్ల అని కొట్టి, చూసి, చెరిపేసింది. తరువాత ఆలోచించకుండా టైపు చేసింది.

భర్త (పక్కగదిలోంచి): ఏమోయ్, టీ.

నేను: మాట్లాడుతున్నాను. పెట్టుకోండి.