ఎండిన వాగులో ఎర్రనీళ్ళు

మా అల్లుడు వాసు ఆ నవంబరులో పెళ్ళాంబిడ్డల్ని యూరప్ కొండల్లో గుడారం వేసుకుంటూ తిప్పుదామనుకున్నాడు. వీసా రాలేదు. కొన్న గుడారం వృథా అవుతుందని మమ్మల్ని కారులో కుక్కి, దుబాయి జెబెల్ అలీ నుంచి కల్బా దగ్గరి కొండల్లోకి తోలుకొచ్చాడు. కారు రోడ్డు మీద ఆపి, కింద వాడీలో, అంటే ఎండిపోయిన వాగులో, ఇసుక మెత్తగా ఉందని మకాం పెట్టించాడు.

"ఇదే మన స్విట్జర్లాండు, మావయ్యగారూ!"

"చలేదీ అల్లుడుగారూ? ఒక మాఘమాసం మా గేదె పొదుగులోనే పాలు గడ్డకడితే, పుల్లైసులు పితుక్కున్నాం."

పదేళ్ళ మనవరాలు మంగ విరగబడి నవ్వింది.

సాయంత్రం నాలుగింటికి మా అమ్మాయి సత్యకుమారి రాళ్ళ మధ్య ఇంకా మిగిలిన సన్నటి పాయలో బియ్యం కడగబోయింది. తొలిసారి ముంచిన నీళ్ళు తేట. రెండోసారి గిన్నె ముంచితే ఎర్రగా వచ్చాయి. మేకపెంటికలు తేలుతున్నాయి. నెత్తిమీద ఆకాశం నీలంగానే ఉంది. ఎగువ కొండల మీద మాత్రం కాటుక మబ్బు. గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి, ఎర్రనీళ్ళ సంగతి నాకొకరు చెప్పాలా?

"వరదొస్తోంది. లేవండి, గట్టెక్కుదాం!"

వాసు గుడారం మేకు దిగ్గొడుతూ నవ్వాడు. "ఎనభయ్యారు వరదలో తాటిదుంగ మీద కునుకు తీసి యానాంలో లేచానన్నారుగా. ఇక్కడ దుంగ లేదు మావయ్యగారూ."

"ఊరుకో నాన్నా, వానే లేదు," అంది అమ్మాయి.

నిజం చెబితే ఒక్కరూ కదల్లేదు. రోడ్డు వైపు చెయ్యి చూపించి అరిచాను. "పోలీసాయన మన కారు దగ్గరున్నాడు! అందర్నీ బతాకాలు పట్టుకుని రమ్మంటున్నాడు!"

గుర్తింపు కార్డు అడుగుతున్నారంటే దుబాయిలో శవం కూడా లేచి జేబు తడుముకుంటుంది. అమ్మాయి మంగని రెక్క పట్టుకుని గబగబా ఎక్కేసింది. వెనక నేనూ, వాసూ. సగం మిట్ట ఎక్కాక వాసు జేబు తడుముకున్నాడు.

"అయ్యో, పర్సు గుడారంలో ఉండిపోయింది!" గిరుక్కున వెనక్కి తిరిగాడు.

నా అబద్ధమే అతన్ని వాగులోకి దింపుతోంది.

"పోలీసు లేడు బాబూ! ఉత్తదే, నేనే కల్పించాను!"

"మీరు చెప్పేవాటిలో ఏది ఉత్తదో కార్డు తెచ్చాక తేల్చుకుందాం."

ఎగువన రాళ్ళు దొర్లుతున్న మోత. అతను లారీ అనుకున్నట్టున్నాడు. బోర్లా పడి అతని రెండు కాళ్ళూ వాటేసుకున్నాను. పెళ్ళిపీటల మీద పళ్ళెంలో పెట్టి నేను కడిగిన కాళ్ళే అవి.

"ఛఛ, మావయ్యగారూ! నాకు పాపం! లేవండి!"

వంగి నా రెక్కలు లాగాడు. నేను వదల్లేదు.

అప్పుడు వచ్చింది మలుపు తిరిగి. రాళ్ళూ తుమ్మకంపా బురదా కలిసిన గోడ. గుడారాన్ని మేకులతో సహా మింగేసింది. బియ్యం గిన్నె ఒక్కసారి తేలి మునిగింది. నురగ మాకు రెండు బారల కిందికొచ్చి ఆగింది.

మేమిద్దరం పాకుతూ రోడ్డెక్కాం. మంగ కారు చుట్టూ తిరిగి చూసి, "తాతయ్యా, పోలీసు ఏడీ?" అంది.

వాసు రాళ్ళకి చీరుకుపోయిన నా మోకాలికి చేతిరుమాలు కడుతున్నాడు, నా మొహంలోకి చూడకుండా. "వెళ్ళిపోయాడమ్మా. ఆరడుగుల మనిషి. ఇంతింత మీసాలు."

"మీసాల్లేవు అల్లుడుగారూ," అన్నాను. "గడ్డం."