నాన్న చెయ్యి పెట్టిన నీళ్ళు

అక్క గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా అరిచింది. "ఏం చేశావురా ఆయన్ని!"

నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కాళ్ళు రెండూ తొట్టిలో. నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఆయన మాత్రం హాయిగా నవ్వుతున్నాడు. పక్కన తమ్ముడు, గిన్నె దింపిన మసిగుడ్డతో, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా నిలబడ్డాడు.

ఘనకార్యమే మరి! మతిమరుపు జబ్బు ముదిరిన తండ్రిని తనింటికి తీసుకెళ్తానని అక్క ప్రాణం తోడేస్తున్నాడు. సరే, ఒక్క పూట చూసుకో, తర్వాత మాట్లాడదాం అని ఆమె పనికి వెళ్ళింది. వెళ్తూ చిలక్కి చెప్పినట్టు చెప్పింది కూడాను. "నీళ్ళు నువ్వే ముట్టుకుని చూడు. ఆయన్ని అడక్కు. కాలినా తెలీదు, తెలిసినా చెప్పలేడు. డాక్టరుగారు మరీ మరీ చెప్పారు."

"నాన్ననే అడిగానక్కా," అన్నాడు తమ్ముడు. "చెయ్యి పెట్టి చూసి, ఇంకా కాగాలన్నాడు. జీవితమంతా బట్టలకు రంగులు కాచిన చెయ్యది. చిన్నప్పుడు ఆయన చూశాకే కదా మనం నీళ్ళు పోసుకునేది?"

"ఆ చెయ్యి పోయిందిరా! ఎన్నిసార్లు మొత్తుకోవాలి నీకు?"

గబగబా కాళ్ళు బయటికి తీసింది. పాదాలు ఎర్రగా కమిలిపోయాయి. మడమ మీద బొబ్బ లేస్తోంది. మగ్గుతో చన్నీళ్ళు పోస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుస్తున్నందుకు మరింత కోపమొచ్చింది. నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మరీ అంత వేడిగా లేవులే," తమ్ముడు గొణిగాడు.

"లేవా? పెట్టి చూడరా!" మణికట్టు పట్టుకుని అతని చెయ్యి తొట్టిలో ముంచింది. అమ్మో అని కేకవేసి లాక్కున్నాడు.

ఆ కేకకు నాన్న ఉలిక్కిపడ్డాడు. నవ్వు ఎగిరిపోయింది. కొడుకు చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదసాగాడు.

"కాలిందా నాన్నా? ఏడవకు, తగ్గిపోతుంది." అక్క వైపు తిరిగి కళ్ళెర్రజేశాడు. "ఎవరమ్మా నువ్వు? పసివాడికి ఇంత వేడినీళ్ళా? బుద్ధుండక్కర్లేదూ?"

తమ్ముడు భోరుమన్నాడు. "నావల్ల కాదక్కా. నేను తీసుకెళ్ళలేను."

"ఇప్పటికి తెలిసిందా? ఏడుపు తర్వాత, ముందు ఆసుపత్రికి బండి పిలు," అంది అక్క, నీళ్ళు పోయడం ఆపకుండా.

తమ్ముడు కదలబోయాడు. నాన్న చెయ్యి వదల్లేదు. మడమ మీది బొబ్బ చిట్లి నీరు కారుతున్నా, కొడుకు వేళ్ళ మీద ఊదుతూనే ఉన్నాడు.